లెన్సు పెట్టుకున్న కన్ను ఎర్రబడితే

కళ్లజోడు పెట్టుకున్న అమ్మాయికి సంబంధం కుదరడం కష్టం అనే మాట మన ఇళ్లలో ఇంకా వినబడుతూనే ఉంది. పదో తరగతి దాటేసరికి చాలామంది పిల్లలకు నల్లబల్ల మీది అక్షరాలు మసకబారడం, అద్దాలు రావడం మామూలైపోయింది. పెళ్లిచూపుల రోజు ఆ అద్దాలు తీసి బీరువాలో దాచడం కూడా అంతే మామూలైంది. ఈ ఇబ్బందికి జవాబుగా కాంటాక్ట్ లెన్సు మన గడప తొక్కింది. ఒకప్పుడు సినిమా తారలు వాడే వస్తువు అనుకునేవాళ్లం. ఇప్పుడు చిన్న పట్టణంలోని కళ్లద్దాల దుకాణంలోనూ దొరుకుతుంది, ఫోనులో ఆర్డరు పెడితే ఇంటికే వస్తుంది. దాన్ని వాడే పద్ధతి చెప్పే మనిషి మాత్రం దానితో పాటు రాడు.

లెన్సులు వాడవద్దని చెప్పడానికి మేము ఈ వ్యాసం రాయడం లేదు. కంటి డాక్టరు చూసి ఇచ్చినవి, నియమం తప్పకుండా వాడితే లెన్సులు మంచివే. మైనస్ ఐదు, ఆరు పవరు ఉన్న పిల్లలకు మందపాటి అద్దాల కంటే వాటితోనే చూపు విశాలంగా ఉంటుంది. మేము చెప్పదలచింది ఒక్క సంగతి. లెన్సు వాడే మనిషికి కన్ను ఎర్రబడి నొప్పి పుడితే దాన్ని కళ్లకలక అనుకొని ఊరుకోకూడదు. అది నల్లగుడ్డు మీద పుండు కావచ్చు. కళ్లకలక వారం పది రోజుల్లో దానంతటదే పోతుంది. ఈ పుండు రెండు మూడు రోజుల్లోనే చూపును తీసుకుపోగలదు. రెండూ మొదటి రోజు చూడటానికి ఒకేలా ఉంటాయి. చిక్కంతా అక్కడే ఉంది.

ఎందుకిలా జరుగుతుందో తెలియాలంటే కంటి ముందు భాగం గురించి కాస్త తెలుసుకోవాలి. మనం నల్లగుడ్డు అంటాం గానీ, ఆ భాగంలో అన్నిటికంటే పైన ఉండే పొర నల్లగా ఉండదు. చేతి గడియారం మీది అద్దంలా పూర్తిగా పారదర్శకంగా ఉంటుంది. దాని పేరు కార్నియా. మధ్యలో దాని మందం సుమారు అర మిల్లీమీటరు. వెలుగు కంటిలోకి పోయేది ఈ కిటికీ గుండానే. ఈ కిటికీలో ఒక్క రక్తనాళమూ ఉండదు. ఉంటే వెలుగుకు అడ్డు వస్తుంది. ఒంట్లో మిగతా భాగాలకు రక్తం ద్వారా అందే ప్రాణవాయువు కార్నియాకు ఎక్కువగా బయటి గాలి నుంచి, కన్నీటిలో కరిగి అందుతుంది. కార్నియా గాలి పీల్చుకుంటుందని తరగతిలో చెబితే పిల్లలు నవ్వుతారు, కానీ మాట నిజమే.

రక్తనాళాలు లేకపోవడం వల్ల ఇంకో లోటు కూడా ఉంది. వేలు తెగితే రక్తంలోని తెల్లకణాలు వెంటనే అక్కడికి చేరి సూక్ష్మక్రిములతో పోరాడతాయి. కార్నియాకు అంత వేగంగా సాయం అందదు. అందుకే దాని కాపలా ఏర్పాట్లు వేరుగా ఉన్నాయి. మొదటి కాపలా రెప్ప. నిమిషానికి పది పదిహేనుసార్లు అది కారు అద్దం తుడిచే వైపరులా పనిచేస్తుంది. రెండోది కన్నీరు. కన్నీటిలో లైసోజైమ్ అనే పదార్థం ఉంది. కొన్ని బాక్టీరియాల పైగోడను అది కరిగించేస్తుంది. పెన్సిలిన్ కనుక్కోవడానికి ఆరేళ్ల ముందు, 1922లో, అలెగ్జాండర్ ఫ్లెమింగ్ దీని గురించి ప్రకటించాడు. పరిశోధనకు కన్నీళ్లు కావలసి వచ్చి, తోటివారి కళ్ల దగ్గర నిమ్మచెక్క పిండించేవాడట. మూడో కాపలా కార్నియా పైచర్మం. అయిదారు వరసల కణాలు ఇటుకల్లా గట్టిగా అతుక్కొని ఉంటాయి. ఆ వరసలు చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం సాధారణంగా ఏ బాక్టీరియా కూడా లోపలికి చొరబడలేదు. మనం రోజూ దుమ్ములో తిరుగుతాం, మురికి చేతులతో కళ్లు నలుముకుంటాం. అయినా ఏమీ కాదంటే ఈ మూడు కాపలాల పుణ్యమే.

లెన్సు వీటిని ఒక్కొక్కటిగా బలహీనపరుస్తుంది. రెప్ప వేసినప్పుడు ఇప్పుడు తుడుచుకుపోయేది కార్నియా కాదు, దాని మీద కూర్చున్న లెన్సు. లెన్సు వెనక చిక్కిన పల్చటి కన్నీటి పొర తొందరగా మారదు. చెరువు నీటికీ పారే కాలువ నీటికీ ఉన్న తేడా లాంటిది ఇది. గాలి కూడా లెన్సు గుండానే రావాలి. పైచర్మం కణాలు ఊపిరాడక నీరసిస్తాయి. గోరు తగిలో, లెన్సు అంచు ఒరుసుకునో కంటికి కనిపించని గీత పడితే చాలు, తలుపు తెరుచుకున్నట్టే. ఆ సమయానికి లెన్సు మీద క్రిమి ఉందా లేదా అన్నదే ఇక ప్రశ్న.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట చెప్పాలి. నేటి మెత్తని లెన్సుకు ఆద్యుడు చెక్ దేశపు రసాయన శాస్త్రవేత్త ఓటో విక్టర్లే. 1961 క్రిస్మస్ రోజుల్లో, తన ఇంట్లో, పిల్లలు ఆడుకునే ఇనుప ముక్కల నిర్మాణ సామగ్రికి సైకిలు డైనమో తగిలించి, గిర్రున తిరిగే అచ్చుల్లో మొదటి మెత్తని లెన్సులు పోశాడు. సైన్సు ప్రయోగాలకు పరికరాలు లేవని వాపోయే మాలాంటి టీచర్లు గుర్తుంచుకోదగ్గ సంగతి. నీటిని పీల్చుకొని మెత్తబడే గుణమే ఆ లెన్సుకు వరం. నీటితో పాటు నీటిలో ఉన్నదాన్ని కూడా అది పట్టి ఉంచుకుంటుంది.

నీటిలో ఉండేవాటిలో లెన్సు వాడేవారికి ముఖ్య శత్రువు సూడోమోనాస్ ఎరుజినోసా అనే బాక్టీరియా. ఎరుజినోసా అంటే రాగి చిలుము రంగుది అని అర్థం. ఇది చేరిన పుండులో చీము నీలం, ఆకుపచ్చ కలిసిన రంగుకు తిరుగుతుంది. 1882లో ఫ్రాన్సులో గెస్సార్ అనే ఆయన ఆ రంగు వెనక ఉన్న క్రిమిని వేరుచేశాడు. ఇది మట్టిలో ఉంటుంది, నీటి ట్యాంకులో ఉంటుంది, వాష్‌బేసిన్ తూములో ఉంటుంది, తడి సబ్బుపెట్టెలో ఉంటుంది. దానికి పెద్దగా ఆహారం కూడా అవసరం లేదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఆ నీటితో స్నానం చేసినా ఏమీ కాదు. కడుపులోకి పోయినా మామూలుగా ఏమీ చేయదు. కానీ గీత పడిన కార్నియా దొరికిందంటే అక్కడి మాంసకృత్తులను కరిగించే రసాలను వదులుతుంది. వాటి ధాటికి కార్నియా వెన్నలా కరగడం మొదలవుతుంది. కొందరిలో ఇరవై నాలుగు నుంచి నలభై ఎనిమిది గంటల్లోనే పుండు కార్నియా లోతుకు దిగిపోతుంది. చర్మం మీద ఉండే స్టెఫిలోకాకస్ వంటి బాక్టీరియాలు కూడా ఇలాంటి పుండ్లు చేస్తాయి గానీ ఇంత వేగంగా కాదు.

పుండు మానిన తర్వాత కూడా కథ అయిపోదు. కార్నియా పారదర్శకంగా ఉండటానికి కారణం దానిలోని సన్నని పోగులు మగ్గం మీది పడుగులా సమానమైన ఎడంతో వరసగా ఉండటమే. మానిన చోట వచ్చే కొత్త పోగులు ఆ వరస పాటించవు. పటికబెల్లం ముక్క గుండా వెలుగు పోతుంది, దాన్నే పొడి చేస్తే తెల్లగా కనిపిస్తుంది. ఇదీ అంతే. మన పెద్దలు కంటిలో పువ్వు అనేది ఈ తెల్లమచ్చనే. పువ్వు పక్కగా ఉంటే చూపు కొంత దక్కుతుంది. కనుపాపకు ఎదురుగా పడితే ఆ కంటికి మిగిలేది వెలుగూ చీకటీ తేడా మాత్రమే కావచ్చు. అప్పుడు కార్నియా మార్పిడి తప్ప దారి ఉండదు.

ఇదంతా ఎంతమందికి వస్తుందని ఎవరైనా అడగవచ్చు. లెక్కలు ఉన్నాయి. 1989లో అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ ప్రాంతం నుంచి ఒక పరిశీలన వెలువడింది. మెత్తని లెన్సులను పగలు మాత్రమే వాడేవారిలో ఏడాదికి 10,000 మందిలో 4.1 మందికి, రాత్రి కూడా కంటిలోనే ఉంచుకునేవారిలో 20.9 మందికి ఇలాంటి పుండ్లు వచ్చాయి. అంతకు ముందు ముప్పై రోజులు తీయకుండా ఉంచుకోవచ్చని అనుమతించిన లెన్సులకు అదే ఏడాది అమెరికా ప్రభుత్వం ఏడు రోజుల హద్దు పెట్టింది. తర్వాత పదేళ్లకు గాలిని బాగా పోనిచ్చే సిలికాన్ హైడ్రోజెల్ లెన్సులు వచ్చాయి. ఇక ఊపిరాడని సమస్య తీరింది, పెట్టుకొని నిద్రపోయినా పర్వాలేదని చాలామంది ఆశించారు. 2008లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన లెక్క ఆ ఆశను నిలువనీయలేదు. పాత రకం మెత్తని లెన్సు పగలు మాత్రమే వాడేవారిలో 10,000కు 1.9, రాత్రి కూడా ఉంచుకునేవారిలో 19.5. కొత్త సిలికాన్ లెన్సుతో నిద్రపోయేవారిలో 25.4. అంటే గాలి ఒక్కటే కారణం కాదు. మూసిన రెప్ప కింద కన్నీరు నిలిచిపోవడం, క్రిమి అక్కడే తిష్ఠ వేయడం కూడా కారణాలే. ఒక్కరోజు వాడి పారేసే లెన్సులు అదే లెక్కలో 2.0 దగ్గర ఉన్నాయి. వాటితో అప్పుడప్పుడు నిద్రపోయినవారిలో 4.2కు పెరిగింది.

పదివేలకు ఇద్దరంటే తక్కువే కదా అనిపిస్తుంది. నిజమే, తక్కువే. భయపడి లెన్సులు పారేయవలసిన పని లేదని ఈ అంకెలే చెబుతున్నాయి. కానీ నిద్ర ఒక్కటి చేరగానే అది పదిరెట్లు అవుతోంది. మందులతో గానీ, అదృష్టంతో గానీ పని లేకుండా, పడుకునే ముందు రెండు నిమిషాలు కేటాయిస్తే ఇంత ప్రమాదం తప్పే సందర్భాలు వైద్యంలో ఎన్నో ఉండవు.

మా దగ్గర పదో తరగతి చదివి, నగరంలో డిగ్రీ చేస్తున్న ఒక అమ్మాయి సంగతి ఇక్కడ చెబుతాం. పేరు లేకుండా రాయండి టీచర్ అని తనే అన్నది. 2023 వానాకాలంలో తెలుగు రాష్ట్రాల్లో కళ్లకలకలు ఊళ్లకు ఊళ్లనే చుట్టేసిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లోనే ఆమె సెలవులు ముగించుకొని రాత్రి బస్సులో హాస్టలుకు బయలుదేరింది. లెన్సులు తీయకుండానే నిద్రపోయింది. తెల్లవారి దిగి, కళ్లు మంటగా ఉంటే లెన్సులు తీసి, ద్రావణం సంచి అడుగున ఉందని కుళాయి నీటితో కడిగి మళ్లీ పెట్టుకొని కాలేజీకి పోయింది. సాయంత్రానికి కుడి కన్ను ఎర్రబడింది. హాస్టల్లో అప్పటికే నలుగురికి కళ్లకలక ఉంది కాబట్టి ఇదీ అదేననుకున్నారు. ఒక మందుల దుకాణంలో చీటీ లేకుండా చుక్కల మందు ఇచ్చారు. వేసుకుంటే ఎరుపు తగ్గింది. ఒక రోజు హాయిగా ఉంది. రెండో రాత్రి నొప్పి తట్టుకోలేక గదిలో దీపం ఆర్పమని ఏడ్చింది. మూడో రోజు తండ్రి వెళ్లి కంటి ఆసుపత్రికి తీసుకుపోయేసరికి నల్లగుడ్డు మీద పెసరగింజంత తెల్లని మచ్చ.

ఆ చుక్కల మందులో స్టెరాయిడ్ ఉంది. మన దగ్గర కంటి చుక్కల మందుల్లో బాక్టీరియాను చంపే మందు, స్టెరాయిడ్ రెండూ కలిపినవి చాలా ఉన్నాయి. శస్త్రచికిత్సల తర్వాత డాక్టర్లు వాడేవి అవి. స్టెరాయిడ్ ఎరుపును, మంటను అణుస్తుంది కాబట్టి రోగికి గుణం కనిపిస్తుంది. కానీ ఎరుపు అంటే శరీరం పోరాడుతున్నదని గుర్తు. పోరాటాన్ని ఆపేసి శత్రువును లోపలే వదిలిపెడితే ఏమవుతుందో ఆ అమ్మాయి కంటిలో అదే అయింది. సీసా మీద చిన్న అక్షరాల్లో డెక్సామెథజోన్, బెటామెథజోన్, ప్రెడ్నిసోలోన్ అనే మాటల్లో ఏది కనిపించినా, కంటి డాక్టరు రాయనిదే ఎర్రబడిన కంటిలో వేయకూడదు. ఇంట్లో ఇదివరకు ఎవరికో రాసిచ్చిన సీసా మిగిలి ఉన్నా సరే.

ఆసుపత్రిలో పుండు అంచు నుంచి కాస్త గీకి పరీక్షకు పంపారు. సూడోమోనాస్ అని తేలింది. మొదటి రెండు రోజులు పగలూ రాత్రీ గంటకోసారి చుక్కలు వేయాలి. వాళ్లమ్మ ఫోనులో అలారం పెట్టుకొని మంచం పక్కనే కూర్చుంది. కన్ను దక్కింది. పువ్వు మాత్రం మిగిలింది, కనుపాపకు కాస్త పక్కగా. చదువుకోగలుగుతోంది. రాత్రి రోడ్డు మీద ఎదురుగా వచ్చే బండి దీపం చెదిరిపోయి కనిపిస్తుందని చెబుతుంది. మొదటి సాయంత్రమే ఆసుపత్రికి పోయి ఉంటే ఆవగింజంతతోనో, అదీ లేకుండానో బయటపడేది.

ఈ సంగతిలో రెండు తప్పుడు దారులు కలిశాయి, నిద్ర, నీరు. నిద్ర గురించి చెప్పాం. నీటి గురించి మన పాఠకులకు వివరంగా చెప్పవలసింది ఉంది.

వుజూ చేసుకున్నాక చేతులు పాక్‌గానే ఉంటాయి కదా, అప్పుడే లెన్సు పెట్టుకుంటే మంచిది కాదా అని ఒక తల్లి మమ్మల్ని అడిగింది. అడగవలసిన ప్రశ్నే. నమాజుకు కావలసిన తహారత్ వేరు, లెన్సుకు కావలసిన శుభ్రత వేరు. వుజూ నీరు ట్యాంకు నుంచో, మసీదు హౌజు నుంచో వస్తుంది. చూడటానికి తేటగా ఉంటుంది, ఒంటికి మంచిదే, కానీ అందులో సూడోమోనాస్ లేదని ఎవరూ చెప్పలేరు. పైగా వుజూలో సబ్బు ఉండదు, చేతులు తడిగా ఉంటాయి. తడి వేలితో లెన్సును ముట్టుకుంటే ఆ నీటిని లెన్సు పీల్చుకుంటుంది. లెన్సును ముట్టుకునే వేళ్లను సబ్బుతో కడిగి, పీచు రాలని శుభ్రమైన తువాలుతో పూర్తిగా తుడుచుకోవాలి. పొడి వేళ్లు అన్నదే ఇక్కడ అసలు మాట.

మరి లెన్సు కంటిలో ఉండగా రోజుకు ఐదుసార్లు వుజూ చేయడం ఎలా? వుజూలో ముఖం కడిగేటప్పుడు కంటి లోపలికి నీరు పంపవలసిన అవసరం లేదని ఆలిములు చెబుతారు. రెప్పలు మూసుకొని ముఖమంతా కడిగి, కళ్లు తెరిచే ముందే రెప్పల మీది తడి తుడుచుకుంటే సరిపోతుంది. కళ్లు తెరిచి దోసిలితో నీళ్లు చల్లుకునే అలవాటు చాలామందికి ఉంది. లెన్సు ఉన్నప్పుడు అది మానాలి. ఇంకా తేలికైన మార్గం ఒకటి ఉంది. ఫజర్ వుజూ, నమాజు అయ్యాక, కాలేజీకో పనికో బయలుదేరే ముందు లెన్సు పెట్టుకోవడం, ఇంటికి రాగానే తీసేసి కళ్లజోడు పెట్టుకోవడం. అప్పుడు లెన్సు ఉండగా చేసే వుజూలు ఒకటో రెండో అవుతాయి. కంటికి గాలి తగిలే సమయమూ పెరుగుతుంది. స్నానం లెన్సు తీసే చేయాలి. ఈత సంగతి చెప్పనక్కరలేదు. హజ్, ఉమ్రా ప్రయాణాల్లో విమానంలో నిద్ర, చోటు దొరికిన దగ్గర వుజూ, దుమ్ము అన్నీ ఉంటాయి. ఆ రోజుల్లో కళ్లజోడే మేలు.

నీరంటే కుళాయి నీరే కాదు. ఫిల్టరు నీరు, సీసాలో కొన్న నీరు, కాచి చల్లార్చిన నీరు, అన్నీ లెన్సుకు పనికిరానివే. అవి తాగడానికి సరిపోతాయి, లెన్సు కడగడానికి సరిపోవు. నీటిలో అకాంతమీబా అనే ఏకకణ జీవి కూడా ఉంటుంది. బాక్టీరియా కాకపోయినా లెన్సు వాడేవారికి అదీ పగదే. అది పట్టుకుంటే చికిత్స నెలల తరబడి సాగుతుంది. ఉమ్ముతో తడిపి పెట్టుకునేవారిని కూడా మేము చూశాం. నోరు ఎన్ని బాక్టీరియాలకు ఇల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు తెలుసు.

ఇక లెన్సు డబ్బా. మట్టికుండలో నీళ్లు మార్చుతూ కుండను తోమకపోతే లోపల జారుడుగా పాచి పడుతుంది. డబ్బాలోనూ అదే జరుగుతుంది, కాకపోతే కంటికి కనిపించదు. బాక్టీరియాలు తమ చుట్టూ జిగురు అల్లుకొని అందులో దాక్కుంటాయి. ద్రావణం ఆ జిగురును దాటి లోపలికి పోలేదు. నిన్నటి ద్రావణం పారబోయకుండా దాని మీదే కొత్తది పోయడం పొదుపు అనుకుంటారు. పాత ద్రావణానికి చంపే శక్తి పోయి ఉంటుంది, కొత్తది దానితో కలిసి పలచబడుతుంది. రోజూ పూర్తిగా పారబోసి, డబ్బాను కొత్త ద్రావణంతోనే కడిగి, శుభ్రమైన కాగితంతో తుడిచి, మూతలు తీసి బోర్లించి ఆరబెట్టాలి. బాత్రూంలో కాదు, గాలి తగిలే చోట. మూడు నెలలకోసారి డబ్బా మార్చాలి. లెన్సును అరచేతిలో పెట్టి ద్రావణం పోసి వేలితో సున్నితంగా రుద్ది కడగాలి, రుద్దనవసరం లేదని సీసా మీద రాసి ఉన్నా సరే. వట్టి సెలైన్ క్రిములను చంపదు. సీసా మూత తీసిన తేదీ దాని మీద రాసుకుంటే ఎన్నాళ్లకు పారేయాలో మరచిపోరు.

పెళ్లిళ్లలో ఇప్పుడు తేనె రంగు, నీలం రంగు లెన్సుల వేడుక ఎక్కువైంది. చూపు లోపం లేనివారు అలంకారానికి పెట్టుకునేవి కాబట్టి వీటిని గాజుల్లాగే చూస్తారు. కంటి కొలత తీయించరు. అక్కాచెల్లెళ్లు ఒకే జతను మార్చుకుంటారు. నిఖా రోజు పెట్టుకున్నది వలీమా దాకా తీయరు. పవరు లేకపోయినా అది లెన్సే, కార్నియాకు అది చేసేదంతా చేస్తుంది. రంగు పొర వల్ల కొన్నిటిలో గాలి ఇంకా తక్కువగా పోతుంది. ఒకరి లెన్సు ఇంకొకరు పెట్టుకోవడమంటే ఒకరి పళ్లు తోమే బ్రష్షు ఇంకొకరు వాడటం కంటే అన్యాయం. సుర్మా సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఆ పొడి లెన్సు కిందికి చేరితే కార్నియాను గీస్తుంది. ఇంటిల్లిపాదీ వాడే ఒకే పుల్ల క్రిములను కంటి నుంచి కంటికి చేరుస్తుంది. బజారులో దొరికే సుర్మాలు కొన్నిటిలో సీసం కూడా ఉంటుంది. లెన్సు, సుర్మా ఒకే కంటిలో ఉండకూడదు.

కళ్లకలకకూ పుండుకూ తేడా ఎలా తెలుస్తుంది? కళ్లకలకలో తెల్లగుడ్డు ఎర్రబడుతుంది, పుసులు కడతాయి, ఇసుక పడినట్టు గరగరలాడుతుంది. తరచుగా ఒక కంటితో మొదలై రెండో కంటికి పాకుతుంది. పుసి తుడుచుకుంటే చూపు మామూలుగానే ఉంటుంది. పుండులో నొప్పి ముందుంటుంది, అదీ గంటగంటకూ పెరిగే నొప్పి. వెలుగు చూడలేరు. నీరు కారుతూనే ఉంటుంది. తుడుచుకున్నా చూపు మసకగానే ఉంటుంది. ఎక్కువగా ఒక్క కంటికే వస్తుంది. నల్లగుడ్డు మీద తెల్లని చుక్క కనిపించిందంటే ఇక సందేహం లేదు. అయితే ఆ చుక్క కనిపించేదాకా ఆగకూడదు. లెన్సు వాడేవారికి ఈ లక్షణాల్లో ఒక్కటి ఉన్నా పుండు అనుకొనే బయలుదేరాలి. కళ్లకలక అని తేలితే పోయింది బస్సు చార్జీలే.

పల్లెల్లో వరికోతల కాలంలో కంటికి గడ్డిపోచ, పొట్టు తగిలి వచ్చే పుండ్లు కూడా ఇలాగే ఉంటాయి. వాటికి ఎక్కువసార్లు బూజుజాతి క్రిములు కారణం, మందు వేరు. ఆకు పసరు, ఆముదం, చనుబాలు కంటిలో వేసే అలవాటు రెండింటికీ చేటే.

కన్ను ఎర్రబడిన వెంటనే లెన్సులు తీసేయాలి, రెండు కళ్లవీ. తీస్తే కాస్త తేలికైందని మళ్లీ పెట్టుకోకూడదు. కంటికి కట్టు కట్టకూడదు, కట్టు కింద వెచ్చదనానికి క్రిమి ఇంకా పెరుగుతుంది. అదే రోజు కంటి డాక్టరు దగ్గరకు పోవాలి, ఆదివారమైనా, పండుగైనా. కళ్లద్దాల దుకాణంలో కొలత చూసే మనిషి దగ్గరకు కాదు. స్లిట్‌ల్యాంప్ అనే సూక్ష్మదర్శినితో కార్నియాను చూడగలిగిన చోటికి పోవాలి. హైదరాబాదు మెహదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రి, విశాఖపట్నంలోని ప్రాంతీయ కంటి ఆసుపత్రి ప్రభుత్వానివి. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నాల్లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రులు ఉన్నాయి. దగ్గరలోని జిల్లా ఆసుపత్రిలో కంటి డాక్టరు ఉంటే మొదట అక్కడికే పోవడం మంచిది. దూరం ప్రయాణంలో పోయే ఆరేడు గంటలు కూడా ఈ జబ్బులో లెక్కకు వస్తాయి.

లెన్సు వాడేవారి ఇంట్లో సరైన పవరు ఉన్న కళ్లజోడు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. లెన్సు వచ్చింది కదా అని పాత జోడును తమ్ముడికో ఎవరికో ఇచ్చేస్తారు. అప్పుడు కన్ను నొప్పి పెట్టినా పరీక్ష ఉందనో, ఉద్యోగానికి పోవాలనో లెన్సుతోనే సర్దుకుంటారు. పుండ్లు ముదరడానికి ఇది కూడా ఒక కారణమని మా అభిప్రాయం.

ఆసుపత్రికి పోయేటప్పుడు తీసిన లెన్సులను పారేయవద్దు. డబ్బాలోనే ఉంచి, మూత బిగించి, ద్రావణం సీసాతో సహా వెంట తీసుకుపోవాలి. కంటిని గీకి తీసిన దానిలో క్రిమి దొరకకపోయినా కొన్నిసార్లు డబ్బాలో దొరుకుతుంది, ఏ మందుకు లొంగుతుందో దానితో తెలుసుకునే వీలుంటుంది. అప్పటికే వేసిన చుక్కల మందు సీసా కూడా చూపించాలి. మందుల దుకాణంలో కొన్నామని చెప్పడానికి బిడియపడి చాలామంది దాచేస్తారు. ఏ రోజు ఎన్ని గంటలకు నొప్పి మొదలైంది, రాత్రి లెన్సుతో పడుకున్నారా, నీరు తగిలిందా, ఏ మందు ఎన్నిసార్లు వేశారు, ఇవి నాలుగు ముక్కల్లో ఒక కాగితం మీద రాసుకుపోతే, నొప్పితో కళ్లు తెరవలేని పిల్లను డాక్టరు మళ్లీ మళ్లీ అడగవలసిన పని ఉండదు.